నరసాపురం చేతిపనుల మేళా: లేసు స్టాళ్లకి మూడు, బొంతల వరండాకి ఐదుకి ఐదు

సంక్రాంతి ముందు నరసాపురంలో ఒక కళ్యాణ మండపంలో చేతిపనుల మేళా పెట్టారు, మా చెల్లీ నేనూ వెళ్లాం. హాల్లో ఉన్న అమ్మకాల స్టాళ్లకి నేను ఐదుకి మూడు ఇస్తాను. వెనక వరండాలో పాత బట్టలతో బొంతలూ సంచులూ కుట్టిన చోటికి మాత్రం ఐదుకి ఐదూ ఇచ్చేస్తాను, అది చూడ్డానికైనా మళ్లీ పెడితే వెళ్లండి.

ముందు లేసు సంగతి. నరసాపురం వెళ్లి లేసు చూడకుండా ఎవరూ రారు కదా. 19వ శతాబ్దంలో మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి నేర్పిన పని ఇది, చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఇంటి అరుగు మీద కూర్చుని అల్లేవాళ్లున్నారు, 2024లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. హాల్లో లేసు స్టాళ్లు చాలానే ఉన్నాయి కానీ సరుకంతా ఒక్క రకం కాదు. ఒక స్టాల్లో టేబుల్ మీద పరిచే గుడ్డ పట్టుకుని చూస్తే అంచుల వెంట సన్నటి నూగు, కత్తిరించిన చోట పోగులు లేచి ఉన్నాయి, అది మిషన్ లేసు. చేత్తో అల్లినదైతే వెనక్కి తిప్పి ఓపిగ్గా వెతకండి, దారం కొస ఎక్కడో ఒకచోట లోపలికి దాచి కనపడుతుంది, పువ్వులు కూడా అన్నీ అచ్చు గుద్దినట్టు ఉండవు. మిషన్ లేసు అమ్మడం తప్పని నేననను, తక్కువలో కావాల్సినవాళ్లు కొనుక్కుంటారు. కానీ జీఐ బోర్డు కింద రెండూ కలిపి పెట్టి ఒకే ధర చెప్పడం మాత్రం అన్యాయం. అడిగితే స్టాల్లో ఉన్న కుర్రాడు "అన్నీ హ్యాండ్‌మేడే మేడం" అన్నాడు, ఎవరు అల్లారంటే చెప్పలేకపోయాడు.

పక్క స్టాల్లో మాత్రం అల్లేవాళ్లే కూర్చున్నారు. చేతిలో సూది ఆడుతూనే ఉంది, మాట్లాడుతూనే ఉన్నారు.

"ఇదంతా మీరే అల్లారా అండీ?" అని మా చెల్లి అడిగింది.

"పువ్వులు నావేనమ్మా, అతుకు మాత్రం మా ఆడపడుచుది. నాకు అతుకుపని అంత నున్నగా రాదు" అన్నారావిడ.

ఈ పనిలో ఒకరు పువ్వులల్లితే (ఇక్కడ దాన్నే చేతిపని అంటారు) ఇంకొకరు వాటన్నిటినీ కలిపి అతుకుతారు. కూలీ ముక్కకింతని వస్తుంది. మధ్యలో ఏజెంటు, ఆ పైన ఎగుమతి చేసేవాళ్లు, ఇన్ని చేతులు మారాక అల్లిన మనిషికి మిగిలేది ఎంతో మనం ఊహించుకోవచ్చు. అందుకే నాకు ఇలాంటి మేళా అంటే అంత ఇష్టం, అల్లిన మనిషి చేతికే డబ్బు ఇచ్చే చోటు మనకి ఇంకెక్కడుంది చెప్పండి? మేము ఆవిడ దగ్గర రెండు గుండ్రటి మ్యాట్లు కొన్నాం, ఆరు వందలు చెప్పారు, బేరం ఆడలేదు. ఆడొద్దని మీకూ చెప్తున్నా. నిర్వాహకులు చేయాల్సిన పని ఒక్కటే, ప్రతి స్టాలు మీదా అమ్మేవాళ్లు సొంతంగా చేశారా, కొని తెచ్చారా అన్నది రాయించాలి. ఇంత చిన్న పని చేయకపోవడం వల్లే రెండు మార్కులు తీసేశాను.

మిగతా స్టాళ్లలో కోనసీమ పీచు పట్టాలు గట్టిగా ఉన్నాయి, ధర కూడా బయటికంటే తక్కువే. కొబ్బరి చిప్పలతో చేసిన గరిటెలు బావున్నాయి, కప్పులు మాత్రం వార్నిష్ పూసినట్టు మెరుస్తున్నాయి, వాటిలో వేడి టీ తాగడానికి నాకు మనసొప్పలేదు. బండారులంక నూలు చీరలు మెత్తగా ఉన్నాయి. ఉప్పాడ జామ్‌దానీ చీర కొనేవాళ్లు బుటా (నేతలోనే వేసిన పువ్వు) వెనక వైపు కూడా చూసుకోండి, ముందెలా ఉందో వెనకా అలాగే ఉండాలి.

ఇక వరండా. అక్కడ డ్వాక్రా సంఘం ఆడవాళ్లు నాలుగు మిషన్లు వేసుకుని కూర్చున్నారు, కింద చాపల మీద చేతికుట్టు వాళ్లు. మన పాత బట్టలు మనమే పట్టుకెళ్లాలి. గోడ మీద కూలీ రాసి పెట్టారు: సంచికి అరవై, సింగిల్ బొంత మిషన్ కుట్టు అయితే నాలుగు వందలు, చేతికుట్టు ఎనిమిది వందలు. ఇంత స్పష్టంగా మనిషి కష్టానికి రేటు రాసి పెట్టడం ఈ మేళాలో ఇక్కడొక్క చోటే చూశాను.

అమ్మ చీరలు కొన్ని ఉతికి ఇస్త్రీ చేసి తీసుకెళ్లాం. బొంతలు కుట్టే పెద్దావిడ మూట విప్పి, ఒక్కో చీరా వేళ్ల మధ్య నలిపి చూసి రెండు కుప్పలు చేశారు. నూలువి ఒకవైపు, సిల్కులా జారేవి ఒకవైపు. జారే చీర బొంత లోపల నిలవదట, పొరలు పక్కకి జరిగి ఉండలు కట్టేస్తుంది, పైగా చెమట పీల్చదు. మన ఎండలకీ ఉక్కకీ నూలు బొంతే బొంత. బాగా అరిగిపోయిన చీరలు లోపలికి, కాస్త గట్టిగా ఉన్నవి పైకీ కిందకీ వేశారు, అంచులు ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా సర్దారు. పైపొరకి ఏ చీర పెట్టాలో మా చెల్లినే అడిగారు. అమ్మ పసుపు రంగు చీర పైకి వచ్చింది. కుట్టు నాలుగు అంచుల నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్టూ తిరుగుతూ వెళ్తుంది, ఎలాగో ఆవిడే చూపించారు. మా చెల్లి చేతికి సూది ఇచ్చి ఒక వరస కుట్టించారు, వంకరగా వచ్చినా విప్పనివ్వలేదు. జారే చీరలు కూడా వదిలేయలేదు, వాటిని పేలికలుగా చీల్చి జడలా అల్లి కాళ్లు తుడుచుకునే పట్టా చేసిచ్చారు.

ఇది ఎంత అవసరమైన పనో ఎండాకాలంలో కాలవలకి నీళ్లు ఆపేశాక ఒకసారి గట్టు మీద నిలబడి చూస్తే అర్థమవుతుంది. నీళ్లు పోయాక అడుగున కనపడేది పాత బట్టలు, కవర్లు, చెప్పులే. అవే డ్రైన్లకి అడ్డం పడి తుఫాను రోజుల్లో చేలు మునుగుతుంటే మనమే ఏడుస్తాం. ఇంట్లో చిరిగిన చీర మూట కట్టి కాలవలో పడేసే అలవాటు పోవాలంటే, దాన్ని తీసుకుని ఏదో ఒకటి చేసిచ్చే మనిషి ఊళ్లో ఉండాలి. ఈ వరండా మేళా రోజుల్లోనే కాకుండా నెలకోసారైనా నడిస్తే నేను ప్రతిసారీ మూట పట్టుకెళ్తాను.

ఒక్క విషయం చాలా బాధేసింది. హాల్లో కొన్ని స్టాళ్ల వాళ్లు గుడ్డ సంచులు కూడా పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు. 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీబ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధం. వరండాలో కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు గోనె నిండా ఉన్నాయి, వాటితోనే చిన్న సంచులు కుట్టి స్టాళ్లకి ఇస్తే సరిపోయేది. నిర్వాహకులకి చెప్తే రాసుకున్నారు.

వెళ్లేవాళ్లకి: ఉదయం పదిన్నర లోపు వెళ్లండి, మధ్యాహ్నానికి బొంతల దగ్గర వరస పెరిగిపోతుంది, సాయంత్రం ఇచ్చిన బట్టలు మర్నాడు గానీ రావు. బట్టలు ఉతికి, హుక్కులూ పిన్నీసులూ తీసేసి ఇవ్వండి. ఒక బొంతకి నూలు చీరలు నాలుగైనా ఉండాలి. చిల్లర పట్టుకెళ్లండి, లేసు అల్లే చాలామంది దగ్గర ఫోన్‌పే లేదు. బండి పెట్టుకోడానికి జాగా ఉంది, కారుకి లేదు.