క్యాల్షియం సిరప్ అడిగితే ఇవ్వని దుకాణం: నల్లగొండలో పెద్ద జాతి కుక్కపిల్లల ఆహారం

నల్లగొండ గడియారం సెంటరుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఈ పెంపుడు జంతువుల దుకాణం చూడడానికి చాలా మామూలుది. ముందు గదిలో అక్వేరియం చేపలు, పక్షుల పంజరాలు, గొలుసులు ఉంటాయి. డాగ్ ఫుడ్ బస్తాలన్నీ వెనక గదిలో ఉంటాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ పిల్లలను పెంచేవారు మిర్యాలగూడ, దేవరకొండల నుంచి కూడా ఇక్కడికి వస్తుంటారు. మా లాబ్రడార్ పిల్లకు మూడో నెల నడుస్తున్నప్పటి నుంచి నేను ఇక్కడే కొంటున్నాను. ఈ దుకాణం గురించి రాయాలనిపించడానికి ముఖ్య కారణం మాత్రం యజమాని అమ్మడానికి ఒప్పుకోని ఒక సరుకు.

కుక్కపిల్లను కొన్నవారు తొలివారంలోనే క్యాల్షియం సిరప్ అడగడం మామూలు. ఈ జిల్లాలో అది మరీ సహజం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను, పశువులను మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో తరాలుగా చూసినవారు ఎముకల మాట రాగానే మందు వెతుక్కుంటారు. అయితే పెద్ద జాతి పిల్లల్లో కథ వేరు. దాదాపు ఆరు నెలల వయసు వచ్చేవరకు వాటి పేగులు ఎక్కువైన క్యాల్షియాన్ని సరిగ్గా వదిలించుకోలేవు. ఎంత పెడితే అంత మేరకు ఒంటికి ఎక్కుతూనే ఉంటుంది. దానివల్ల కీళ్ల దగ్గరి మృదులాస్థి గట్టిపడే క్రమం దెబ్బతిని, ముందుకాళ్లు వంకరపోవడం, కుంటడం వంటివి వస్తాయని నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో గ్రేట్ డేన్ పిల్లల మీద 1980లలో చేసిన పరిశోధనలు చూపించాయి. యజమానికి ఈ పరిశోధనల సంగతి తెలుసో లేదో కాని, సిరప్ అడిగిన ప్రతివారికీ ఆయన ఒకటే మాట చెబుతారు: “సంచిల ఉన్నది చాలు సార్, మీద పోస్తె కాళ్లు వంకర పోతయి.” తేలిగ్గా వచ్చే లాభాన్ని ఇలా వదులుకునే దుకాణాలు తక్కువ.

ఇందులో నాకు ఒక అభ్యంతరం ఉంది. సంచిలోని సంపూర్ణ ఆహారం తినే పిల్లకు ఆయన మాట వంద శాతం సరైనది. ఇంట్లో అన్నంలో ఉడికించిన చికెన్ కలిపి పెట్టేవారికి మాత్రం అదే మాట చెప్పకూడదు. ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, క్యాల్షియం బహు తక్కువ. అన్నం ఆ లోటును పూడ్చదు. ఆ తిండి మీదే పెరిగిన పిల్ల శరీరం తన ఎముకల నుంచే క్యాల్షియాన్ని లాక్కుంటుంది, ఎముకలు పలచబడి విరుగుతాయి. పాలు, పెరుగన్నం, జొన్నరొట్టెలతో పెంచే ఇళ్లలోనూ క్యాల్షియం, ఫాస్ఫరస్‌ల పొత్తు కుదరదు. అటువంటివారిని పశువైద్యుని దగ్గరికి పంపి, కొలిచి ఇప్పించడమే మార్గం. అందరికీ ఒకే సమాధానం చెప్పడం ఈ దుకాణంలో నేను చూసిన ముఖ్యమైన లోపం.

సంచి ఎంపికలో ఆయన చూపే శ్రద్ధ మెచ్చుకోదగినది. పిల్ల ఏ జాతి, తల్లిదండ్రుల బరువు ఎంత అని అడిగాకే అరలోంచి సంచి తీస్తారు. ‘పప్పీ’ అని రాసి ఉన్న ప్రతి సంచీ పెద్ద జాతికి సరిపోదు. ఉదాహరణకు రాయల్ కెనిన్ మ్యాక్సీ పప్పీ సంచి మీద, పెద్దయ్యాక 26 నుంచి 44 కిలోల మధ్య తూగే జాతులకు, 15 నెలల వయసు వరకు అని స్పష్టంగా ఉంటుంది. అలా రాయనివాటిలో క్యాల్షియం అంకె చూడాలి. ఆఫ్కో అనే అమెరికా పశుదాణా నియంత్రణాధికారుల సంఘం లెక్క ప్రకారం, పెద్దయ్యాక సుమారు 32 కిలోలు, అంతకు మించి తూగే జాతుల పిల్లల ఆహారంలో, తేమ తీసేశాక, క్యాల్షియం 1.2 శాతానికి తగ్గకూడదు, 1.8 శాతాన్ని మించకూడదు. మిగతా జాతుల పిల్లలకు పైపరిమితి 2.5 శాతం. లాబ్రడార్ ఈ గీతకు అటూ ఇటూగా ఉంటుంది కనుక కఠినమైన పరిమితినే పాటించడం క్షేమం. సంచి మీద 1.4 శాతం అని, తేమ 10 శాతం అని ఉంటే, 1.4ను 0.9తో భాగించాలి, 1.56 వస్తుంది, అంటే పరిమితిలోనే ఉన్నట్టు. కొన్ని సంచుల మీద ఈ అంకె కనిపించదు. అడిగినా ఆ అంకె చెప్పలేని కంపెనీ సరుకును పెద్ద జాతి పిల్లకు వద్దని యజమాని అంటారు, నేనూ అదే అంటాను. ప్రోటీన్ ఎక్కువైతే ఎముకలు చెడతాయన్న భయానికి మాత్రం ఆధారం లేదు. అదే గ్రేట్ డేన్ జాతి మీద జరిగిన పరిశోధనలు ఆ భయాన్ని తోసిపుచ్చాయి.

దుకాణంలో ఒక ప్లాట్‌ఫారం కాటా ఉంది. పిల్లను తెచ్చి ఉచితంగా తూయించుకోవచ్చు. బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమని మనవాళ్లు మురిసిపోతారు కాని, పెద్ద జాతి పిల్ల నిదానంగా పెరగడమే మేలు. అమెరికాలో 48 లాబ్రడార్లను జతలుగా చేసి, పిల్లప్రాయం నుంచి జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, తమ జతకు పెట్టినదానికన్నా 25 శాతం తక్కువ తిన్న కుక్కలు సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్లవాతం కూడా ఆలస్యంగా వచ్చింది. అందుకే సంచి వెనక పట్టికను మొదటి అంచనాగానే తీసుకుని, చేత్తో తడిమితే పక్కటెముకలు తగిలేలా, పైనుంచి చూస్తే నడుము కనిపించేలా తిండిని హెచ్చించడం, తగ్గించడం చేయాలి. రోజు మొత్తం తిండిని నాలుగు నెలల వయసు వరకు మూడు నాలుగు పూటలుగా పంచడం మంచిది. గిన్నెను రోజంతా నిండుగా ఉంచే అలవాటు లాబ్రడార్ విషయంలో అస్సలు పనికిరాదు, దానికి చాలు అన్న మాటే తెలియదు.

విడిగా తూచి అమ్మడం ఇక్కడ లేదు, అదీ మెచ్చదగిన విషయమే. తెరిచిన బస్తాలోని కొవ్వు గాలికి, వేడికి ముక్కిపోతుంది, విడిగా కొంటే గడువు తేదీ, బ్యాచ్ నంబరు కనిపించవు. వెనక గది పైకప్పు మాత్రం రేకులది. నల్లగొండ ఎండాకాలంలో ఆ గదిలో బస్తాలు నెలల తరబడి ఉండడం నాకు నచ్చదు. ఏప్రిల్, మే నెలల్లో తయారీ తేదీ చూసి, కొత్త సరుకునే అడిగి తీసుకోండి. రోజుకు 350 గ్రాములు తినే పిల్లకు 15 కిలోల బస్తా సుమారు ఆరు వారాలు వస్తుంది, తెరిచిన బస్తాను అంతకు మించి నిల్వ ఉంచకూడదు. చిన్న పిల్లకైతే 3 కిలోల సంచే నయం, కిలో ధర కొంత ఎక్కువ పడినా సరే.

ధరల్లో బేరం ఉండదు, ఎమ్మార్పీకే అమ్ముతారు. ఆన్‌లైన్‌లో కొంత తక్కువకు దొరుకుతుంది కాని కాటా, సలహా అక్కడ ఉండవు. పిల్లకు ఏ నీళ్లు పెడుతున్నారని కూడా యజమాని అడుగుతారు. బోరు నీళ్లు మాని మిషన్ భగీరథ నల్లా నీళ్లు పెట్టమంటారు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లవారు ఈ సలహాను తప్పక వినాలి. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ వంటి భారీ జాతుల ఆహారం నిల్వ ఉండదు, ముందుగా చెబితే హైదరాబాద్ నుంచి తెప్పిస్తారు. ఆహారం మార్చేటప్పుడు పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా పెంచుతూ ఏడు నుంచి పది రోజులు తీసుకోవాలి కనుక, పాత సంచి అడుగంటకముందే ఆర్డరు చెప్పడం మంచిది.