ఫొటోక్యాటలిస్టుల పనికి లేసీ కార్బన్ టెమ్ గ్రిడ్లు: కొనేముందు చూసుకోవాల్సినవి

తిరుపతిలో ఫొటోక్యాటలిస్టుల (వెలుతురు తగిలితే రసాయన చర్యని వేగవంతం చేసే పదార్థాల) మీద పనిచేసే పోస్ట్‌డాక్‌లు, ఎస్వీయూలో ఉన్నా, ఏర్పేడు దగ్గర ఐసర్, ఐఐటీల్లో ఉన్నా, పరమాణువుల స్థాయి స్టెమ్ (సన్నటి బీమ్‌తో శాంపిల్‌ని స్కాన్ చేసే టెమ్, అంటే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) ఇమేజ్ కోసం శాంపిల్ పట్టుకుని చెన్నైకో బెంగళూరుకో వెళ్ళాల్సి రావచ్చు. స్లాట్ దొరకడమే గగనం. తీరా దొరికాక శాంపిల్ గ్రిడ్ దగ్గరే చెడిపోతే ఆ పూటంతా వృథా. అందుకే మైక్రోస్కోపు సంగతి పక్కనపెట్టి, 300 మెష్ (అంగుళానికి 300 గళ్ళు) రాగి జాలీ మీద లేసీ కార్బన్, దానిపైన పల్చటి కార్బన్ పొర ఉండే అల్ట్రాథిన్ గ్రిడ్ గురించి చెప్తున్నాం.

గ్రిడ్ అంటే శాంపిల్‌ని మోసే 3.05 మిల్లీమీటర్ల వ్యాసమున్న జాలీ బిళ్ళ. లేసీ కార్బన్ అంటే దాని మీద అడ్డదిడ్డంగా అల్లుకున్న కార్బన్ వల. దాని కంతల మీద మరో 3 నానోమీటర్ల పొర ఉంటుంది. ఈ పల్చదనానికే డబ్బు ఎక్కువ పెట్టేది. హాడ్ఎఫ్ (ఎక్కువ కోణంలో చెదిరిన ఎలక్ట్రాన్లతో తీసే స్టెమ్) ఇమేజ్‌లో పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు పెరుగుతుంది కాబట్టి టైటానియం (22) మీద ప్లాటినం (78) చుక్కలా మెరవాలి. కింద కార్బన్ మందంగా ఉంటే గరగరలాడే నేపథ్యంలో 1 నానోమీటరు ప్లాటినం కణం మునిగిపోతుంది, ఒంటరి పరమాణువుల మాట అడగనే అక్కర్లేదు. ఈ విషయంలో ఈ గ్రిడ్లకు మా పూర్తి ఓటు.

లాటిస్ చారలకూ (స్ఫటికంలోని పరమాణు వరుసలు ఇమేజ్‌లో గీతలుగా కనిపించేవి) ఇదే మంచిది. టైటానియా (టైటానియం డయాక్సైడ్) రెండు స్ఫటిక రూపాల్లో చారల మధ్య దూరం చూడండి: అనటేజ్ (101) తలానికి 0.352 నానోమీటర్లు, రూటైల్ (110) తలానికి 0.325. తేడా 0.027 మాత్రమే. ఒక్క చార కొలిచి ఇది రూటైల్ అని రాసేస్తే రివ్యూయర్ ఊరుకోడు. పది చారల దూరం కొలిచి పదితో భాగించాలి.

శాంపిల్ వేసే పద్ధతిలో తొందర పనికిరాదు. 1 మిల్లీగ్రాము పౌడర్‌ని 5 మిల్లీలీటర్ల శుద్ధమైన ఇథనాల్‌లో వేసి 10 నుంచి 15 నిమిషాలు సోనికేట్ చేయాలి (అల్ట్రాసౌండ్‌తో కదిలించాలి). గాజు వయల్ వాడండి, ప్లాస్టిక్ నుంచి కరిగివచ్చే పదార్థాలు తర్వాత కార్బన్ మురికై కూర్చుంటాయి. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి పై ద్రవం తీసుకోవాలి. అది బియ్యం కడిగిన రెండో నీళ్ళంత పల్చగా ఉండాలి, ఇంకా చిక్కగా ఉంటే మరికాస్త ఇథనాల్ కలపాలి. 5 మైక్రోలీటర్ల చుక్క చాలు. మామూలు ట్వీజర్స్‌తో పట్టుకుంటే చుక్క గ్రిడ్ మీద నిలవకుండా రెండు కొనల మధ్యకు ఎక్కిపోతుంది. యాంటీ-కేపిలరీ రకం తీసుకుని అంచు మాత్రమే పట్టుకోవాలి. కార్బన్ ఏ వైపు ఉందో పెట్టె మీది సూచన చూసుకోండి. ఆరాక మామూలు ఆప్టికల్ మైక్రోస్కోపు కింద ఒకసారి చూస్తే పొర చిరిగిన గళ్ళు తెలిసిపోతాయి. సగానికి సగం చిరిగిన గ్రిడ్‌ని ఊరు దాటించకండి.

పీవీపీ, ఒలీలమైన్, సీటాబ్ లాంటి, కణాలకు అంటుకుని ఉండే సేంద్రియ పదార్థాలు వాడి చేసిన క్యాటలిస్టులతో పెద్ద చిక్కు ఉంది. స్కాన్ చేసిన చోట కాసేపటికే తెల్లటి చతురస్రం పడుతుంది. బీమ్ తగిలిన చోటికి హైడ్రోకార్బన్లు చేరి గట్టిపడటమే కారణం. పౌడర్‌ని మరిన్నిసార్లు కడిగి, గ్రిడ్‌ని రాత్రంతా వాక్యూమ్ ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర ఉంచితే చాలావరకు తగ్గుతుంది. ఆక్సిజన్ ప్లాస్మా మాత్రం జాగ్రత్త. మురికితో పాటు ఆ పల్చటి పొరనీ తినేస్తుంది, ఈ రకానికి కొన్ని సెకన్లు మించకూడదు.

ఈడీఎస్ (ఎక్స్-కిరణాల పీకులతో ఏ మూలకం ఉందో చెప్పే పద్ధతి) విషయానికి వస్తే రాగి గ్రిడ్ నుంచి వచ్చే పీకులు 0.93, 8.04 కేఈవీ దగ్గర ఎప్పుడూ ఉంటాయి. కాబట్టి కాపర్ ఆక్సైడ్-టైటానియా శాంపిల్‌కి రాగి గ్రిడ్ వాడటం శుద్ధ దండగ, నికెల్ గానీ బంగారం గానీ కొనండి. బంగారం కొన్నా మాలిబ్డినం డైసల్ఫైడ్‌కి వద్దు. దాని 2.12 పీకు సల్ఫర్ (2.31), మాలిబ్డినం (2.29) పక్కనే పడుతుంది. గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్‌కి ఈ అల్ట్రాథిన్ రకం సరిపోదు. పొరలోని కార్బన్ కూడా లెక్కలో కలిసి కార్బన్-నైట్రోజన్ నిష్పత్తికి అర్థం లేకుండా పోతుంది. పైపొర లేని ఒట్టి లేసీ గ్రిడ్ తీసుకుని, కంత మీదికి చాచుకున్న అంచుని 80 కేవీ బీమ్ వోల్టేజ్ దగ్గర చూడాలి. నైట్రోజన్ డోప్ చేసిన టైటానియాలో గ్రిడ్ ఏదైనా ఈడీఎస్ నైట్రోజన్ మ్యాప్‌ని నమ్మొద్దు. నైట్రోజన్ 0.392, టైటానియం ఎల్ పీకు 0.452 ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఈల్స్‌లో (శాంపిల్‌లో ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న శక్తిని కొలిచే పద్ధతిలో) 401, 456 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర విడివిడిగా కనిపిస్తాయి, ఆపరేటర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

సిల్వర్ క్లోరైడ్, సిల్వర్ ఫాస్ఫేట్ చేసేవాళ్ళు మొదటి ఇమేజ్ తక్కువ డోస్‌లో (తక్కువ ఎలక్ట్రాన్లతో) తీసి దాచుకోవాలి. బీమ్ కింద కణం ఉపరితలం మీద వెండి బుడిపెలు చూస్తుండగానే పొడుచుకొస్తాయి. వాటిని మన సింథసిస్‌లో వచ్చిన కో-క్యాటలిస్ట్ (ప్రధాన క్యాటలిస్టుకి తోడుగా ఉండేది) అనుకుని పేపర్లో రాస్తే తప్పుడు ఫలితమే అచ్చవుతుంది. బిస్మత్ ఆక్సీక్లోరైడ్‌లోనూ ఇలాగే బిస్మత్ గోళాలు పుట్టుకొస్తాయి.

నవంబర్ వానల్లో మన దగ్గర గ్రిడ్ పెట్టెని డెసికేటర్‌లోనే ఉంచాలి, నీలం సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగితే ఓవెన్‌లో ఆరబెట్టి మళ్ళీ పెట్టాలి. ఏ గడిలో ఏ శాంపిల్ ఉందో కాగితం మీద రాసి, ఫొటో కూడా తీసుకోండి. కొరియర్ కన్నా మనిషి చేతికిచ్చి పంపడం మేలు, కుదుపులకి ఈ పొర తట్టుకోదు.

ఒట్టి సైజు, ఆకారం చూడాలంటే మామూలు కార్బన్ ఫిల్మ్ గ్రిడ్ చాలు, దీని మీద ఖర్చు పెట్టొద్దు. చిన్న కో-క్యాటలిస్టులు, ఒంటరి పరమాణువులు, ఇంటర్‌ఫేస్‌లు చూడాలంటే మాత్రం ఇదే కొనండి. ఒక్కో శాంపిల్‌కి రెండు గ్రిడ్లు చేసుకోండి, ఒకదాని మీద చుక్క పల్చగా, రెండోదాని మీద కాస్త చిక్కగా.