అశోక్‌నగర్‌లో కొన్న ‘న్యూ డీల్’ స్పైరల్ నోట్స్: 180 రూపాయలకి ఏం దొరికింది?

హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి అశోక్‌నగర్ లోపలికి వస్తే సందుకో జిరాక్స్ షాపు, షాపు గోడల నిండా స్పైరల్ పుస్తకాలు. అలాంటి ఒక షాపులో (పేరు రాయను, ఆ అన్న మంచివాడే, నోట్స్ రాసింది ఆయన కాదు) పోయిన నెల ‘ఆర్థిక మహామాంద్యం - న్యూ డీల్’ అని తెలుగు మీడియం నోట్స్ కొన్నాను. 1930లలో అమెరికాను ముంచిన మాంద్యం నుంచి గట్టెక్కడానికి ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తెచ్చిన పథకాలు, చట్టాల మూటే ఈ న్యూ డీల్. 92 పేజీలు, 180 రూపాయలు, బేరం లేదు. సివిల్స్ మెయిన్స్ జీఎస్ మొదటి పేపర్‌లో ప్రపంచ చరిత్ర ఉంటుంది కదా, ఇంగ్లిష్‌లో మెటీరియల్ కుప్పలుగా ఉంది, తెలుగులో వెతికితే గైడుల్లో రెండు పేజీలకు మించి ఎక్కడా కనపడలేదు, అందుకే కనబడగానే ఆత్రంగా కొనేశాను. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని రెండు రోజుల్లో పూర్తి చేశాను.

బ్యాంకుల చాప్టర్ మాత్రం చాలా బాగా రాశారు. 1930-33 మధ్య అమెరికాలో దాదాపు 9 వేల బ్యాంకులు మునిగాయి, 1933 మార్చి 4న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రెసిడెంటుగా ప్రమాణం చేశాడు, 6న దేశమంతా బ్యాంకులకు సెలవు, 9న అత్యవసర బ్యాంకింగ్ చట్టం ఒక్క రోజులోనే పాస్, 12న ఆదివారం రాత్రి రేడియోలో జనానికి బ్యాంకు అంటే ఏంటో, వాళ్ల డబ్బు ఎక్కడికి పోతుందో మామూలు మాటల్లో చెప్పాడు, 13 నుంచి నిలబడగల బ్యాంకుల్ని ఒక్కొక్కటిగా తెరిచారు. ఇంట్లో దాచుకున్న డబ్బు పట్టుకొచ్చి జనం మళ్లీ లైన్లో నిలబడ్డారు, ఈసారి తీయడానికి కాదు, వేయడానికి. తర్వాత డిపాజిట్లకు బీమా వచ్చింది, 1934 జనవరి నుంచి 2,500 డాలర్ల వరకు. ఇది చదువుతుంటే మా పెద్దనాన్న గుర్తొచ్చాడు. 2000ల మొదట్లో సిటీలో ఒక కోఆపరేటివ్ బ్యాంకు మూతపడితే పాస్‌బుక్ పట్టుకుని షట్టర్ ముందు నెలల తరబడి తిరిగాడు, చివరికి చేతికొచ్చింది ఆ బీమా డబ్బే. అప్పట్లో మన దగ్గర పరిమితి లక్ష, 2020లో 5 లక్షలు చేశారు. ఈ ఒక్క చాప్టర్‌కే 60 రూపాయలు ఇచ్చానని అనుకుంటా.

మిగతా 120 సంగతి వేరు.

సీసీసీ, సీడబ్ల్యూఏ, పీడబ్ల్యూఏ, డబ్ల్యూపీఏ, ఎన్ఆర్ఏ, టీవీఏ... న్యూ డీల్ పథకాల, సంస్థల పొట్టి పేర్లన్నీ ఒకటో క్లాసు అక్షరాల చార్టులాగా మూడు పేజీల పట్టిక, ఎదురుగా పూర్తి పేరు, సంవత్సరం, అంతే. ఆ పథకం ఎలా నడిచిందో ఒక్క ముక్క లేదు. సీసీసీలో అడవుల్లో మొక్కలు నాటే కుర్రాళ్లకు నెలకు 30 డాలర్లు, అందులో 25 వరకు నేరుగా ఇంటికి పంపేవాళ్లు, అసలు కిటుకు అదే కదా, ఒక్కడికి పనిస్తే ఊళ్లో ఒక పొయ్యి వెలుగుతుంది. డబ్ల్యూపీఏ 1935 నుంచి ఎనిమిదేళ్లలో దాదాపు 85 లక్షల మందికి పనిచ్చింది, రోడ్లు, బడులే కాదు, నాటకాలు ఆడేవాళ్లకి, బొమ్మలు గీసేవాళ్లకి కూడా. నోట్స్‌లో దీనికి ‘ప్రజా పనుల పురోగతి పాలనా సంస్థ’ అని తర్జుమా చేశారు. మా నాయనమ్మని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేది, కరువు పని అని. పాలమూరులో చెరువు కట్ట మీద మట్టి తట్టలు మోసిన మనిషి ఆమె.

నాకు బాగా కోపం వచ్చింది వ్యవసాయం దగ్గర. ‘ఏఏఏ ద్వారా రైతులను ఆదుకున్నారు’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు (ఏఏఏ అంటే వ్యవసాయ సర్దుబాటు చట్టం). ఎలా ఆదుకున్నారయ్యా? పంట తగ్గిస్తే డబ్బిస్తామన్నారు, 1933లో మొలిచిన పత్తిని దాదాపు కోటి ఎకరాల్లో దున్నించేశారు, 60 లక్షల పంది పిల్లల్ని చంపించారు, అదీ జనం ఆకలితో ఉన్న ఏడాది. ధరలు లేచాయి, నిజమే. కానీ ఒప్పందం భూమి ఉన్నవాడితో, డబ్బు ముందు వాడి చేతికే, సాగు తగ్గింది కాబట్టి దక్షిణాదిలో కౌలుదార్లను, పాలుకు చేసేవాళ్లను చాలామందిని వెళ్లగొట్టారు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు పట్టా ఉన్నవాడికే డబ్బు, కౌలు రైతుకు లేదు అని ఎంత చర్చ జరిగిందో తెలంగాణలో చదివేవాడికి వేరే చెప్పాలా? ఆ పోలిక పెట్టి ఉంటే ఎవడూ జన్మలో మర్చిపోడు. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం కూడా అంతే, పొలం కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను బయటే ఉంచింది, నల్లజాతి వాళ్లలో ఎక్కువమంది చేసే పనులు అవే. నోట్స్‌లో ‘అందరికీ పింఛను’ అని ఉంది.

చివరి పేజీలో ‘న్యూ డీల్‌తో మాంద్యం అంతమైంది’ అని బోల్డ్‌లో కొట్టారు. దయచేసి పరీక్షలో ఇది రాయకండి. 1933లో నలుగురిలో ఒకరికి పనిలేదు, 1937కి బాగా తగ్గింది, అంతలో ప్రభుత్వం ఖర్చు బిగించింది, బ్యాంకులు దాచిపెట్టాల్సిన నిల్వలను అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ పెంచింది, 1938లో నిరుద్యోగం మళ్లీ ఎగిరింది. పూర్తిగా దిగింది రెండో ప్రపంచ యుద్ధం ఆర్డర్లు వచ్చాకే.

ప్రింటు గురించి రెండు మాటలు. 41వ పేజీ రెండుసార్లు ఉంది, 58 లేదు, వారానికే స్పైరల్ ఊడింది. అన్నిటికన్నా ఘోరం అట్ట మీద ఫొటో. గుబురు మీసాల పెద్దమనిషి. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి మీసమే లేదండీ, అది 1901 నుంచి 1909 దాకా ప్రెసిడెంటుగా చేసిన థియోడర్ రూజ్‌వెల్ట్!

తప్పులన్నీ ఒక కాగితం మీద రాసి షాపు అన్నకి ఇచ్చాను, రాసిన సార్‌కి ఇస్తానన్నాడు. ఫొటో సంగతి చెబితే, “అట్ట ఎవరు చూస్తరు తమ్మీ, లోపల మ్యాటర్ చూస్కో” అన్నాడు. మొన్న అటు వెళ్తే కొత్త స్టాక్ వచ్చి ఉంది. 58వ పేజీ పెట్టారు. మీసాలు అలాగే ఉన్నాయి. రేటు 200.