పది రెట్ల మడత లెన్సు: నాలుగేళ్లు కాక్టస్ కుండీల మధ్య

కడియం నర్సరీల్లో కొన్న కాక్టస్‌కి చీటీ ఉండదు. పేరడిగితే "కాక్టసేనండి" అంటారు. ఫోన్ యాప్ అయితే ఒకే మొక్కకి ఫొటోకో పేరు చెబుతుంది. పది రెట్లు పెద్దగా చూపే ఈ చిన్న మడత లెన్సు అలా తికమక పెట్టదు.

దీన్ని కంటికి ఆనించుకుని, కుండీనే దగ్గరికి తెచ్చుకోవాలి. ముందు ముల్లు మొదలు చూడండి. అక్కడ దూది బొట్టులా ఏరియోల్ ఉంటే కాక్టస్. అది లేకుండా తొక్కలోంచే జంట ముళ్లు వస్తే బొంతజెముడు చుట్టం, యుఫోర్బియా. గిచ్చి పాలు చూడొద్దు. మామిల్లేరియా అనే రకం కాక్టస్‌లలోనూ కొన్నింటికి పాలు కారతాయి, పైగా యుఫోర్బియా పాలు కంట్లో పడితే ప్రమాదం. మొగ్గ బొడిపెల సందుల్లోంచి వస్తే మామిల్లేరియా.

లెన్సు సత్తా తెలిసింది మొగ్గ దగ్గరే. గట్లు తేలిన పచ్చటి బంతి ఒకటి మూడేళ్లుగా జిమ్నోకాలిసియం అనే మరో రకం కాక్టస్ చీటీతో ఉంది. మొగ్గ తొడిగినప్పుడు చూస్తే పొలుసుల సందున బూడిదరంగు నూగు! జిమ్నోకాలిసియం మొగ్గ పొలుసులు బోడిగా, నున్నగా ఉంటాయి, ఆ పేరుకి అర్థమే అది. నూగున్నది ఎకినోప్సిస్, ఇంకో రకం కాక్టస్. దాని పువ్వులు చాలావరకు సాయంత్రం విచ్చి మర్నాటికి వాడిపోతాయి, అందుకే మొగ్గలోనే చూసుకోవాలి. అయితే తేలింది ప్రజాతి (జీనస్) వరకే. నర్సరీ ఎకినోప్సిస్‌లలో సంకరాలు ఎక్కువ, అందులో ఏ జాతో (స్పీషీస్) లెన్సుకి అందదు.

కొనేచోట కూడా పనికొస్తుంది. జిగురుతో అంటించిన ఎండుపువ్వు ఇట్టే దొరికిపోతుంది.

ఇబ్బంది ముళ్లతోనే. పది రెట్లలో స్పష్టంగా కనబడాలంటే మొక్క రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఫెరోకాక్టస్ ముళ్లు అంతకన్నా పొడుగుంటాయి, కన్ను జాగ్రత్త. అలాంటివాటికి రాలిన పువ్వునే చూడాలి, లేదా అయిదు రెట్ల లెన్సు వాడాలి.

రెండో వానాకాలానికి మడత దగ్గర స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోయింది, గాజు లోపల బూజు దారాలు పాకాయి. తుడిచినా పోలేదు. గోదావరి తేమలో దీన్ని తోలు సంచిలో ఉంచకూడదు. రెండో లెన్సుని తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో బిగుతు మూత డబ్బాలో పెడుతున్నాను, ఇప్పటికి బాగానే ఉంది.

నా కుండీలు మేడమీద ఎండలో పూస్తాయి కాబట్టి నాకు గిట్టింది. నీడలో ఉండి పూత రాని కుండీలకి ఇది సగమే చెబుతుంది. అప్పుడు ప్రజాతి రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోవడమే. చీటీ పెన్సిల్‌తో రాయండి, మార్కర్ రాత ఎండకి వెలిసిపోతుంది.