కెగ్గులో మడ్డి రాకుండా: తేలే గొట్టం, జాలీ ఏడేళ్లు వాడాక

మా అమ్మ తరవాణి కుండలోంచి తేట తీసేటప్పుడు కుండను కదపదు. గరిటె పైపైనే ముంచుతుంది. మడ్డి అడుగునే ఉండిపోతుంది. తేలే గొట్టం కెగ్గులో, అంటే బీరులాంటివి గ్యాసు పట్టించి ఉంచే స్టీలు పీపాలో, చేసే పని సరిగ్గా అదే.

మామూలు 19 లీటర్ల స్టీలు కెగ్గులో గొట్టం అడుగు దాకా దిగి ఉంటుంది. అంటే ముందుగా పైకి వచ్చేది మడ్డే. తేలే రకంలో ఒక స్టీలు బంతి, దానికి మెత్తటి సిలికాన్ గొట్టం ఉంటాయి. గొట్టం మూతి ఎప్పుడూ పైమట్టానికి కాస్త కింద వేలాడుతుంది. మూతికి జాలీ తొడుగుతాం.

మెల్‌బోర్న్‌లో ఉన్నప్పుడు ఐదేళ్లు దీన్ని ఇంట్లో కాచిన బీరుకే వాడాను. అక్కడ సొంతానికి కాచుకోవచ్చు. మన దగ్గర లైసెన్సు లేకుండా కుదరదు. అందుకే శ్రీకాకుళం వచ్చేశాక, ఈ రెండేళ్లుగా అదే కెగ్గులో కొంబుచా, అంటే పులియబెట్టిన తీపి టీ, పెడుతున్నాను.

గొట్టం కొనకముందు ఒక ఉగాదికి జరిగింది చెప్పాలి. 23 లీటర్ల బీరులో 150 గ్రాముల హాప్స్ పెల్లెట్లు వేశాను. హాప్స్ అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు, వాటిని పొడి చేసి నొక్కిన గుళికలే పెల్లెట్లు. పెల్లెట్ తడవగానే పొడి పొడి అయిపోతుంది. ఆ పొడి కెగ్గు పోస్టులో, అంటే పైపు తగిలించే మూతిలో, ఉండే చిన్న స్ప్రింగు వాల్వులో ఇరుక్కుంది. స్నేహితులంతా వచ్చి కూర్చున్నారు, కుళాయి తిప్పితే నురగ తప్ప ఏమీ రాలేదు. గ్యాసు వదిలి, పోస్టు విప్పి, కడిగి బిగించేసరికి గంట పట్టింది. చాలా బాధేసింది. తేలే గొట్టం, జాలీ వచ్చాక అలా పోస్టు విప్పాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

అయితే జాలీ ఈస్టును కూడా ఆపుతుందని కొనకండి. నా జాలీ కన్ను 300 మైక్రాన్లు, ఈస్టు కణం 5 నుంచి 10 మైక్రాన్లు. ఆగే ప్రశ్నే లేదు. హాప్స్‌ను జాలీ ఆపుతుంది, ఈస్టును చల్లదనం దించుతుంది. కెగ్గులోకి ఎక్కించే ముందు బీరును 1, 2 డిగ్రీల దగ్గర కనీసం రెండు రోజులు కదపకుండా ఉంచాలి. హాప్స్ ఎక్కువ వేస్తే నేను మూడు రోజులు ఉంచేవాడిని. చల్లబడేటప్పుడు లోపలి గ్యాసు కుంచించుకుపోయి బయటి గాలిని పీల్చుకుంటుంది, కాబట్టి ఆ సమయంలో కార్బన్ డయాక్సైడ్ సిలిండరు తగిలించి ఉంచాలి. ఇంకా తేటగా కావాలంటే జెలటిన్ వేస్తారు. వరద రోజుల్లో మా నాయనమ్మ నాగావళి నీళ్లకు చిల్లగింజ అరగదీసి కలిపేది, ఇదీ అలాంటి పనే. జెలటిన్ జంతువుల నుంచి తీసేది. మా ఇంట్లో ముట్టరు కాబట్టి ఇక్కడ మానేశాను.

అల్లం కొంబుచాకు ఈ గొట్టం చక్కగా సరిపోయింది. అనాసకే ఇబ్బంది పెట్టింది. సీతంపేట అనాస గుజ్జు కిందికి దిగదు, గ్యాసు బుడగలతో పైకి తేలుతుంది. గొట్టం మూతి కూడా పైనే ఉంటుంది కదా! మొదటి గ్లాసు చూసి అమ్మ, "ఇదేటి నానా, కుడితిలా ఉంది?" అంది. నిజంగా అలాగే ఉంది. అప్పటినుంచి అనాసను కెగ్గులో పోయకముందే పొందూరు ఖాదీ గుడ్డలో వడగడుతున్నాను. గుడ్డను ముందు మరిగే నీళ్లలో వేసి తీస్తాను. ఆ సన్నటి నేతలోంచి పీచు దాటదు. బీరును మాత్రం ఇలా గుడ్డలో పోయకండి. గాలి తగిలితే హాప్స్ వాసన పోయి, తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది.

ఏడేళ్లలో నాకు కనిపించిన లోపాలు ఇవీ. మూడో ఏడు సిలికాన్ గొట్టం వదులై లోపలే ఊడిపోయింది. కెగ్గు నిండుగా ఉంది, చేయి పెట్టే వీలు లేదు. అప్పటినుంచి రెండు చివర్లా స్టీలు క్లిప్పు బిగిస్తున్నాను. సిలికాన్ వాసన పీల్చుకుంటుంది, అల్లం వాసన ఎంత కడిగినా పోలేదు. కాబట్టి అల్లానికి ఒక గొట్టం, మిగతావాటికి ఇంకోటి పెట్టుకున్నాను. చివరి అర లీటరు దగ్గర మూతిలోకి గ్యాసు దూరి నురగ కక్కుతుంది, అది వదులుకోవాల్సిందే.

జాలీ మూసుకుపోతే ధార సన్నబడి నురగ ఎక్కువవుతుంది. అప్పుడు కెగ్గు విప్పొద్దు. గ్యాసు పైపును బీరు వచ్చే పోస్టుకు తగిలించి ఒక్క క్షణం వదిలితే, పట్టుకున్నదంతా వెనక్కి ఊడిపోతుంది. కెగ్గు ఖాళీ అయ్యాక జాలీని సోడియం పర్‌కార్బొనేట్ కలిపిన వేడినీళ్లలో గంట నానబెట్టాలి. హాప్స్ జిగురు మామూలు సబ్బుకు వదలదు.

కొత్తగా కొనేవాళ్లు చిన్న టోపీలాంటి జాలీ తీసుకోవద్దు. వేలంత పొడవున్న, గొట్టంలాంటి జాలీ తీసుకోండి. నా మొదటి టోపీ జాలీ హాప్స్ బీరులో రెండు గ్లాసులకే మూసుకుపోయేది. ఇప్పుడున్న పొడవు జాలీతో కెగ్గు మొత్తం అయిపోతోంది.