పడవ దిగి నడక, రెండు ఫైనళ్ళు, ఒక పిడుదు

2019 జూలై 14, ఆదివారం. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో, కెజిక్ అనే ఊళ్ళో ఉన్నాం. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి మూడు వారాలైంది. నాన్నకు షుగరు, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అక్కడికి వెళ్ళినవాళ్ళలో చాలామంది ఎక్కే క్యాట్‌బెల్స్ కొండ 451 మీటర్లే కదా అని నేనూ ప్లాన్ వేశాను. పొద్దున రేవులో నిలబడి దాన్ని చూసిన అమ్మ, "నువ్వు ఎక్కిరా నాన్నా, మేం ఇక్కడే కూర్చుంటాం" అంది. ప్లాన్ అక్కడే మారిపోయింది.

పెద్దవాళ్ళతో వెళ్తే డెర్వెంట్‌వాటర్ సరస్సులో తిరిగే లాంచీని మించింది లేదు. మొత్తం చుట్టు 50 నిమిషాలు. నచ్చిన రేవులో దిగి, ఓపికున్నంత నడిచి, ఇంకో రేవులో మళ్ళీ ఎక్కొచ్చు. మేం హాస్ ఎండ్‌లో దిగి, బ్రాండెల్‌హౌ అడవిలోంచి హై బ్రాండెల్‌హౌ రేవు దాకా నడిచాం. ప్రకృతి అందాలను, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ లేక్ డిస్ట్రిక్ట్‌లో మొట్టమొదట, 1902లో, కొన్న స్థలం ఇదే. ఒకపక్క నీళ్ళు, ఒకపక్క చెట్లు, దారి చాలావరకు చదును. చెట్ల వేర్లు మాత్రం చూసుకోవాలి. అమ్మ ఒక్కసారి కూడా మోకాలి మాట ఎత్తలేదు. నాన్న మాత్రం కొత్త షార్ట్స్ వేసుకుని, గొర్రెల ఫొటోల కోసం నడుమెత్తు ఫెర్న్ పొదల్లో దూరాడు.

బస సంగతి. అల్పాహారంతో కలిపి గది ఇచ్చే పాతకాలపు ఇల్లు. శుభ్రానికి, మర్యాదకు పూర్తి మార్కులు. కానీ మాకిచ్చిన గది పైకప్పు కింద, మూడో అంతస్తులో. లిఫ్ట్ లేదు. బుక్ చేసేటప్పుడు అడగకపోవడం నా తప్పే గానీ, వాళ్ళూ ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. పైగా కింద హాల్లో ఒకటే టీవీ. ఆ రోజేమో లార్డ్స్‌లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్, వింబుల్డన్‌లో జొకోవిచ్, ఫెదరర్ ఫైనల్! ఇంటావిడ ఫెదరర్ మనిషి, మా నాన్న క్రికెట్ మనిషి. రిమోట్ ఓవర్‌కోసారి చేతులు మారింది. టెన్నిస్ 4 గంటల 57 నిమిషాలు సాగి ఆమెను ఏడిపించి ముగిసింది. ఇక హాలు నాన్నది.

సెమీస్‌లో ధోనీని రనౌట్ చేసినప్పటి నుంచి నాన్నకు న్యూజిలాండ్ ఆటగాడు గప్టిల్ అంటే పడదు. మ్యాచ్ సమమై సూపర్ ఓవర్ మొదలయ్యే ముందు మోకాలి వెనక గోక్కుంటూ, "ఒరేయ్, ఇదేంట్రా?" అన్నాడు. నల్లగా, నువ్వుగింజంత. కాళ్ళున్నాయి.

"ఊళ్ళో గేదెలకు పట్టేదే. పిడుదు," అని తనే తేల్చేశాడు. అమ్మ పసుపు వెతకడానికి లేచింది. ఇంటావిడ కళ్ళు తుడుచుకుని, సన్నమొన పట్టకారు తెచ్చి, చర్మానికి ఆనించి పట్టుకుని, నలపకుండా మెల్లగా పైకి లాగేసింది. నూనె రాయడం, కాల్చడం లాంటివి అస్సలు చేయకూడదట. షుగరు మనిషి కదా అని నాకు టెన్షన్ తగ్గక 111కి ఫోన్ చేశాను. అత్యవసరం కాని ఆరోగ్య సమస్యలకు అక్కడి నంబరు అది. వాళ్ళు చెప్పింది ఇంతే: పిడుదు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి అనే ఇన్ఫెక్షన్ ప్రతి పిడుదులోనూ ఉండదు, కుట్టినంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు. గుండ్రంగా ఎర్రటి దద్దు పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. ఆ దద్దు ఎక్కువగా నాలుగు వారాల్లోపు కనిపిస్తుంది, మూడు నెలల దాకా కూడా రావచ్చు.

నేను ఫోన్ పెట్టేసరికి మ్యాచ్ అయిపోయింది. సూపర్ ఓవర్ కూడా సమమై, బౌండరీల లెక్కలో 26-17తో ఇంగ్లండ్ గెలిచింది. ఆఖరి బంతికి రనౌట్ అయింది గప్టిలే. నాన్న సంబరపడతాడనుకున్నాను. "పాపం రా," అన్నాడు, కాలు చాపి చూసుకుంటూ.

కుట్టినచోట పెన్నుతో చుట్టూ గీత గీసి రోజూ ఫొటో తీసేవాడు. ఇండియా వెళ్ళాక కూడా మూడు నెలల పాటు ఉదయాన్నే నాకు గుడ్ మార్నింగ్ బదులు ఆయన మోకాలే వచ్చేది.