తేలినీలాపురం వెళ్తే టెక్కలిలో ఒక రాత్రి ఉండండి

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గరున్న తేలినీలాపురం పక్షుల కేంద్రానికి ఇంతకుముందు రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ మిట్టమధ్యాహ్నం దిగి గంటలో తిరిగొచ్చేశాను, పెద్దగా ఏమీ అనిపించలేదు. ఈసారి జనవరిలో నేనూ మా పాపా విజయనగరం నుంచి ముందురోజు సాయంత్రమే బస్సెక్కి, టెక్కలిలో లాడ్జిలో దిగి, తెల్లారుతుండగా ఆటోలో ఊళ్లోకి వెళ్లాం. ఇన్నాళ్లూ ఏం పోగొట్టుకున్నానో అప్పుడు తెలిసింది.

ఊరికి దగ్గర్లోనే నౌపడ తంపర, అంటే నీళ్లు నిలిచే పల్లపు నేల. ఈ పక్షులకి తిండి అక్కడి చేపలే. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు పెట్టి, పిల్లలు ఎగిరేదాకా ఉండి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్తారు గానీ, ఇక్కడ గూళ్లు కట్టే గూడబాతులూ (పెలికాన్లు) ఎర్రకాళ్ల కొంగలూ (పెయింటెడ్ స్టార్కులు) దక్షిణాసియా పక్షులే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ ప్రాంతంలో చాలా చెట్లని పడగొట్టింది. ఇప్పుడు అటవీ శాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు కనిపిస్తాయి.

వాచ్ టవర్ బాగానే ఉంది గానీ అసలు చూడాల్సింది ఊరి సందుల్లోనే. మేం రోడ్డు మీద మెడలెత్తి చూస్తుంటే ఒక పెద్దావిడ, "ఏటి బాబూ, ఆడ నిల్చుంటే ఏటి కనపడతాది, మా పెరట్లోకి రండి" అని పిలిచింది. తలెత్తితే నేరుగా గూడే. గూడబాతు నోరు తెరవగానే పిల్ల మెడ దాకా దాని సంచిలోకి దూరిపోయి చేపలు లాక్కుంటోంది, తల్లి రెక్కలు సగం విప్పి కొమ్మ మీద నిలదొక్కుకుంటోంది. పక్క కొమ్మ మీద కొంగలు ముక్కులు టకటకలాడిస్తున్నాయి. వాసన ఘాటుగానే ఉంటుంది, గోడల మీదా అరుగుల మీదా తెల్లగా రెట్టలు. "పురిటికొచ్చిన ఆడపిల్లలు బాబూ, ఏటనుకుంటాం" అందావిడ. మా పాప అరగంట మాట్లాడలేదు.

లాడ్జి మాత్రం ఏసీ గదికి 1,200 తీసుకుని పొద్దున్నే వేడినీళ్లు ఇవ్వలేదు, అడిగితే ఆరు దాటాక అన్నారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, చూడ్డానికి పొద్దున్నే పోవాలనుకునేవాళ్లకి అది చాలు. ఆటో రానూపోనూ, అక్కడ ఆగినందుకూ కలిపి 600 అయింది. మంచినీళ్లూ టిఫినూ పట్టుకెళ్లండి, మాకు అంత పొద్దున్న ఊళ్లో ఏమీ దొరకలేదు. రంగురంగుల బట్టలూ గట్టి మాటలూ వద్దు, డ్రోన్ అసలే వద్దు.

తిరుగు దారిలో శాలిహుండం కొండెక్కి బౌద్ధ స్తూపాలు చూశాం. పైనుంచి వంశధార చాలా బాగుంది గానీ ఎండ మండిపోయింది, అక్కడికి సాయంత్రం వెళ్లండి. వానాకాలంలో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలొస్తాయి. పాప ఇప్పటికే రోజులు లెక్కపెడుతోంది.